రాయి వయసు లెక్కించడం: తిరుపతి చుట్టుపక్కల నా అనుభవం

తిరుపతి నుంచి తిరుమలకు వెళ్లే ఘాట్ రోడ్డు వెంబడి, కొండను తొలిచిన కొన్ని చోట్ల, రెండు వేర్వేరు జాతుల రాళ్లు ఒకదానిపై ఒకటి ఆనుకుని కనిపిస్తాయి. కింద ఉన్నది గ్రానైటు. పైన పొరలు పొరలుగా ఉన్నది క్వార్ట్‌జైటు, అంటే ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న ఇసుక గట్టిపడి ఏర్పడిన రాయి. ఈ రెండింటి మధ్య ఉన్న హద్దును భూవిజ్ఞానులు ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దీనిని జాతీయ భూవారసత్వ చిహ్నంగా ప్రకటించింది. కొండపైన ఉన్న శిలాతోరణానికి కూడా అదే గుర్తింపు ఉంది. తిరుపతిలో ఎమ్మెస్సీ జియాలజీ చదివే రోజుల్లో, కింది గ్రానైటు ఎప్పుడు గడ్డకట్టింది, పైనున్న ఇసుక ఎప్పుడు పేరుకుంది అనే రెండు ప్రశ్నలను నేను ప్రాజెక్టుగా తీసుకున్నాను. మొదటి ప్రశ్నకు ఒక అంకె దొరికింది. రెండో ప్రశ్నకు అంకె దొరకలేదు, రాతిలోని యురేనియం, సీసం నిష్పత్తిని కొలిచే నా పద్ధతితో దొరకదు కూడా. ఎందుకు దొరకదో అర్థం కావడానికి నాకు మొత్తం పని పూర్తి కావలసి వచ్చింది.

యంత్రాల జోలికి వెళ్లకముందే, రాళ్లను చూసి వాటి ముందువెనుకల వరుస చెప్పగలగాలని మా గైడుగారు పట్టుబట్టారు. ఆ వరుస కోసం ప్రయోగశాల అక్కరలేదు. కింది పొర ముందుది, పై పొర తర్వాతది. ఒక రాయిని కోసుకుంటూ మరో రాయి దూరితే దూరినది తర్వాతది. ఒక రాయిలో మరో రాతి ముక్కలు ఉంటే ఆ ముక్కలు ముందువి. మా ప్రాంతపు గ్రానైటులో నల్లటి డాలరైటు డైకులు గోడల్లా నిటారుగా దూరి ఉంటాయి. చిత్తూరు జిల్లా క్వారీల నుంచి బ్లాక్ గ్రానైటు పేరుతో ఎగుమతి అయ్యేది ఈ డైకు రాయే. ఈ డైకులు గ్రానైటును కోస్తాయి కానీ పైనున్న క్వార్ట్‌జైటులోకి వెళ్లవు, హద్దు దగ్గరే తెగిపోతాయి. అంటే గ్రానైటు గడ్డకట్టింది, తర్వాత దానిలోకి డైకులు దూరాయి, ఆపైన కొన్ని కిలోమీటర్ల మందం రాయి కొట్టుకుపోయి గ్రానైటు నేల ఉపరితలానికి వచ్చింది, ఆ తర్వాతే దానిపై ఇసుక పేరుకుంది. మద్రాసు ప్రెసిడెన్సీలోని కడప, కర్నూలు శిలల గురించి 1872లో సమగ్రమైన నివేదిక ప్రచురించిన విలియం కింగ్ చేతిలో ఉన్నది ఈ తర్కమే. అప్పటికి రేడియోధార్మికత అనేదొకటి ఉందని ఎవరికీ తెలియదు. వరుస తెలుస్తుంది, మధ్యలో గడిచిన కాలం ఎంతో తెలియదు.

నమూనా సేకరణ నేననుకున్నంత సులువుగా సాగలేదు. హద్దు ఉన్న చోటు భూవారసత్వ స్థలం, చుట్టూ ఉన్నది శేషాచలం రక్షిత అడవి. అక్కడ రాయిపై సుత్తి వేయడానికి వీలు లేదు, వేయకూడదు కూడా. పైగా ఎర్రచందనం దొంగల బెడద ఉన్న ఆ అడవిలో వీపున బరువైన సంచీ, చేతిలో ఇనుప పనిముట్టు పెట్టుకుని తిరిగే కుర్రవాళ్లను ఫారెస్టు సిబ్బంది ఏమనుకుంటారో చెప్పనవసరం లేదు. అందుకే గ్రానైటును చంద్రగిరి వైపున్న ఒక క్వారీ నుంచి, క్వార్ట్‌జైటును పుత్తూరు దాటాక నగరి కొండల అంచున, అనుమతి తీసుకున్న ఒక పట్టా భూమి నుంచి తెచ్చుకున్నాం.

ఎండకు, వానకు గురైన పైచెక్కు పనికిరాదు. నీరు ఇంకిన చోట ఖనిజాలు మారిపోయి ఉంటాయి, యురేనియం గానీ సీసం గానీ కొంత కొట్టుకుపోయి ఉండవచ్చు. క్వారీలో సమ్మెట పట్టుకుని పనిచేస్తున్న ఒక పెద్దాయన మేము లోపలి దిమ్మె నుంచే ముక్క కావాలని అడగడం చూసి, "ఏం నాయనా, దారి పక్కన ఇంత రాయి పడుండగా లోపలిదే కావాల్నా?" అని అడిగారు. "లోపలిదయితేనే లెక్క కుదురుతుంది తాతా" అన్నాను. ఆయన దిమ్మెను ఒకసారి తట్టి చూసి, పగులు లేని వైపు ఎంచి, మాకు కావలసిన పరిమాణంలో ఒక్క దెబ్బకు విడగొట్టి ఇచ్చారు. రాతి పోగు ఎటు ఉందో ఆయనకు తెలిసినంతగా మాలో ఎవరికీ తెలియదని నాకు అప్పుడే అనిపించింది.

తెచ్చిన రాయిలో మాకు కావలసినది జిర్కాన్ అనే ఖనిజం మాత్రమే. గ్రానైటులో అది చాలా కొద్దిగా ఉంటుంది. ఒక్కో స్ఫటికం పొడవు సాధారణంగా మిల్లీమీటరులో పదో వంతు, ఐదో వంతు. దీని కోసం కిలోల కొద్దీ రాయిని పిండి చేయాలి. ముందు రాయిని కడిగి, సుత్తితో చిన్న ముక్కలు చేసి, జా క్రషర్‌లో నలగ్గొట్టి, ఆ తర్వాత మరలో పొడి చేసి, 250 మైక్రాన్ల (మిల్లీమీటరులో నాలుగో వంతు) జల్లెడ పట్టాం. ఈ దశలో శ్రమంతా శుభ్రతలోనే ఉంది. ఒక నమూనా తర్వాత మరొకటి వేసే ముందు క్రషర్ దవడలను, జల్లెడ కన్నాలను బ్రష్షుతో, గాలితో, ఎసిటోన్‌తో శుభ్రం చేయాలి. ముందు ఆడించిన రాయి నుంచి ఒకే ఒక్క గింజ జల్లెడలో ఇరుక్కుని మరో నమూనాలో కలిసినా, చివరకు అది ఒక తప్పుడు వయసుగా బయటపడుతుంది. గ్రానైటు విషయంలో అలాంటి గింజను గుర్తుపట్టవచ్చు. క్వార్ట్‌జైటులో అయితే ఏ వయసు గింజైనా ఉండే అవకాశం ఉంది కనుక గుర్తుపట్టడానికి దారే ఉండదు. అందుకే క్వార్ట్‌జైటును ముందు ఆడించి, గ్రానైటును ఆ తర్వాతే వేశాం.

పొడిని నీటిలో పళ్లెంతో తిప్పుతూ, చేటలో బియ్యం చెరిగినట్టు, తేలికవాటిని వదిలించి బరువైనవాటిని మిగుల్చుకోవాలి. తర్వాత అయస్కాంతంతో ఇనుము ఉన్న ఖనిజాలను తీసేస్తారు. ఆపైన బ్రోమోఫార్మ్ అనే ద్రవంలో పోస్తారు. దాని సాంద్రత 2.89; క్వార్ట్‌జ్ సాంద్రత 2.65 కాబట్టి తేలుతుంది, జిర్కాన్ సాంద్రత 4.6 దాకా ఉంటుంది కాబట్టి మునుగుతుంది. మిథిలీన్ అయొడైడ్ సాంద్రత 3.3 దాకా ఉంటుంది కనుక దానితో మరొక విడత వడపోస్తే, మిగిలేది చిటికెడు బరువైన ఇసుక. ఈ ద్రవాల ఆవిరి ఆరోగ్యానికి హాని చేస్తుంది కాబట్టి పనంతా పొగగూటి కింద చేతి తొడుగులతో సాగాలి. ఈ చిటికెడులోంచి సూక్ష్మదర్శిని కింద సన్నని సూదితో జిర్కాన్లను ఒక్కొక్కటిగా ఏరడం మొత్తం పనిలో నాకు బాగా నచ్చిన భాగం. గ్రానైటు జిర్కాన్లు రెండు చివరలా మొనదేలి, అంచులు పదునుగా, లేత తేనెరంగులో ఉన్నాయి. క్వార్ట్‌జైటు జిర్కాన్లు మొనలు అరిగి గుండ్రంగా ఉన్నాయి. ఏరేటప్పుడే ఈ రెంటి చరిత్ర ఒకటి కాదని తెలిసిపోయింది.

జిర్కాన్‌కే ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, శిలాద్రవంలోంచి పెరిగేటప్పుడు అది కొంత యురేనియాన్ని తనలో చేర్చుకుంటుంది కానీ సీసాన్ని దాదాపుగా చేర్చుకోదు. కాబట్టి ఈ రోజు దానిలో కనిపించే సీసమంతా ఇంచుమించుగా యురేనియం క్షీణించగా పుట్టినదే. యురేనియంలో బరువు తేడా ఉన్న రెండు రకాల పరమాణువులు, అంటే ఐసోటోపులు, ఉంటాయి. యురేనియం-238 సగానికి తగ్గడానికి 446.8 కోట్ల సంవత్సరాలు పడుతుంది, చివరకు అది సీసం-206గా మిగులుతుంది. యురేనియం-235 సగానికి తగ్గడానికి 70.4 కోట్ల సంవత్సరాలు చాలు, దాని చివరి రూపం సీసం-207. ఒకే స్ఫటికంలో, ఒకే మూలకంలో, వేర్వేరు వేగాలతో రెండు లెక్కలు నడవడం ఈ పద్ధతికి ఉన్న అసలు బలం. రెండూ ఒకే జవాబు చెబితే నమ్మవచ్చు, చెప్పకపోతే ఏదో జరిగిందని తెలుస్తుంది. పురావస్తువుల వార్తల్లో తరచుగా వినిపించే కార్బన్ పరీక్ష ఇక్కడ పనికిరాదు. కార్బన్-14 అర్ధాయువు, అంటే సగానికి తగ్గే కాలం, 5,730 సంవత్సరాలే కాబట్టి సుమారు 50 వేల ఏళ్లు దాటితే కొలవడానికి ఏమీ మిగలదు, పైగా అది ఒకప్పుడు జీవం ఉన్న పదార్థాల కోసం.

ఈ మార్గం తెరుచుకోవడానికి ముందు, భూమి చల్లబడే వేగాన్ని బట్టి దాని వయసు 2 కోట్ల నుంచి 40 కోట్ల సంవత్సరాల మధ్య ఉంటుందని కెల్విన్ 1862లో లెక్కకట్టాడు. 1896లో బెక్వెరెల్ రేడియోధార్మికతను కనుగొన్నాడు. 1907లో అమెరికా రసాయన శాస్త్రవేత్త బోల్ట్‌వుడ్ యురేనియం, సీసం నిష్పత్తితో తొలిసారి ఖనిజాల వయసులు ప్రకటించాడు. వాటిలో అన్నిటికంటే పెద్ద అంకె, 220 కోట్లు, సింహళపు ఖనిజానిది. ఐసోటోపుల సంగతి గానీ, థోరియం కూడా సీసంగా మారుతుందన్న సంగతి గానీ అప్పటికి తేలలేదు కనుక ఆ అంకెలు తర్వాత నిలబడలేదు, పద్ధతి మాత్రం నిలిచింది. ఆ పద్ధతిని జీవితాంతం పట్టుకున్న ఆర్థర్ హోమ్స్ 1911లో నార్వే శిల ఒకదానికి 37 కోట్ల సంవత్సరాల వయసు నిర్ణయించాడు. 1955లో ఆయన మన ద్వీపకల్పపు, సింహళపు ప్రాచీన శిలల కాలనిర్ణయం మీదనే ఒక సుదీర్ఘ వ్యాసం రాశాడు. కింగ్‌కు లేని కాలపు కొలత మన దక్షిణాది రాళ్లకు అందడం మొదలైంది ఆ తరంలోనే.

ఏరిన గింజలను రెండువైపులా అంటుకునే టేపు మీద వరుసగా పేర్చి, చుట్టూ చిన్న వలయం పెట్టి, ఎపాక్సీ జిగురు పోసి గట్టిపడనిస్తారు. తర్వాత ఆ బిళ్లను గింజలు సగం అరిగేదాకా వజ్రపు పొడితో నునుపు చేస్తారు. అలా అరగదీసిన ముఖాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో పెట్టి తీసిన కాథోడోల్యూమినెసెన్స్ చిత్రాల్లో, అంటే ఎలక్ట్రాన్లు తగిలి ఖనిజం వెలిగే వెలుగుతో తీసిన చిత్రాల్లో, స్ఫటికం పెరిగిన క్రమమంతా సన్నని చారలుగా కనిపిస్తుంది. మా గ్రానైటు గింజల్లో కొన్నిటికి నడుమ వేరే రంగు గర్భం ఉంది. అది అంతకుముందటి ఏ రాతిలోనో పుట్టి, కరగకుండా ఈ శిలాద్రవంలోకి వచ్చిన పాత జిర్కాన్. ఈ చిత్రాలు లేకుండా లేజరును గుడ్డిగా గింజ నడిమికి గురిపెడితే గ్రానైటు వయసు బదులు దాని పూర్వీకుల వయసో, రెండూ కలిసిన అర్థం లేని అంకెనో వస్తుంది.

కొలత మరో ఊరి ప్రయోగశాలలో జరిగింది. 25 మైక్రాన్ల వెడల్పున్న లేజరు కిరణం స్ఫటికంపై ఎంచిన చోట చిన్న గుంట చేస్తుంది. అక్కడ లేచిన ధూళిని హీలియం వాయువు మోసుకుపోయి ఆర్గాన్ ప్లాస్మాలో కలుపుతుంది. ప్లాస్మా దానిని అయాన్లుగా మార్చగా, మాస్ స్పెక్ట్రోమీటరు వాటిని ద్రవ్యరాశిని బట్టి వేరు చేసి లెక్కపెడుతుంది. ఒక్కో గుంటకు నిమిషం, నిమిషంన్నర చాలు. రాయి తేవడం మొదలు బిళ్ల తయారు చేయడం దాకా పట్టిన కాలంతో పోలిస్తే అది ఏమీ కాదు. మా గింజలు కొన్ని కొలిచాక ప్రతిసారీ వయసు ముందే కచ్చితంగా తెలిసిన ప్రామాణిక జిర్కాన్‌ను కొలిచేవాళ్లం. 91500 అనే అంకెతోనే పిలిచే కెనడా జిర్కాన్ వాటిలో ఒకటి; దాని వయసు 106.5 కోట్ల సంవత్సరాలు. అది 106.5 చూపించకపోతే ఆ మధ్యలో కొలిచినవాటిని సరిచేయాలి, మరీ తేడా వస్తే వదిలేయాలి.

మంచి గింజల్లో వచ్చిన నిష్పత్తులు ఇలా ఉన్నాయి: మిగిలి ఉన్న ప్రతి 100 యురేనియం-238 పరమాణువులకు దాదాపు 48 సీసం-206 పరమాణువులు, మిగిలి ఉన్న ప్రతి యురేనియం-235 పరమాణువుకు 11కు కాస్త ఎక్కువగా సీసం-207 పరమాణువులు. మొదటి నిష్పత్తిని క్షీణత సూత్రంలో పెడితే సుమారు 253 కోట్ల సంవత్సరాలు వస్తుంది, రెండో దానికీ అదే వస్తుంది. యురేనియం-235 విషయంలో మొదట ఉన్నదానిలో పన్నెండో వంతే మిగిలిందన్నమాట. సీసం-207కూ సీసం-206కూ మధ్య నిష్పత్తి 0.167 దగ్గర నిలిచింది. ఇంత పాత రాళ్లకు దీని నుంచి వచ్చే వయసునే ఎక్కువగా నమ్ముతారు. ఒక్కో గింజకు కోటి, రెండు కోట్ల సంవత్సరాల అనిశ్చితి ఉంటుంది, చాలా గింజలను కలిపి లెక్కిస్తే అది తగ్గుతుంది. మా ప్రాంతం కూడా భాగమైన తూర్పు ధార్వాడ్ అనే ప్రాచీన శిలా ప్రాంతపు గ్రానైట్లకు ఇతరులు ఇచ్చిన వయసులు కూడా ఈ చుట్టుపక్కలే ఉన్నాయి కనుక మా అంకె ఎవరినీ ఆశ్చర్యపరచలేదు.

అన్ని గింజలూ అలా మాట వినలేదు. యురేనియం ఎక్కువ ఉన్నవి తమ రేడియోధార్మికత వల్లనే లోపల చితికిపోయి, ఎప్పుడో కొంత సీసాన్ని పోగొట్టుకున్నాయి. వాటిలో ఒక లెక్క 200 కోట్లంటే రెండోది 230 కోట్లంటుంది. ఈ రెండు నిష్పత్తులనూ గ్రాఫులో రెండు అక్షాలపై వేసి చూసే కాంకోర్డియా వక్రాన్ని 1956లో జార్జ్ వెథెరిల్ ప్రవేశపెట్టాడు. చెడిపోని గింజలు వక్రం మీద పడతాయి. సీసం పోగొట్టుకున్నవి వక్రానికి కింద ఒక సరళరేఖ మీద వరుస కడతాయి, ఆ రేఖను పైకి పొడిగిస్తే అది వక్రాన్ని అసలు వయసు దగ్గర తాకుతుంది. చెడిపోయిన గింజలు కూడా తమ పుట్టుకను చెప్పడం చూసినప్పుడు, ఈ పద్ధతిని కనిపెట్టినవారి తెలివికి మనసులో నమస్కరించుకున్నాను.

ఇక క్వార్ట్‌జైటు. దానిలోని జిర్కాన్లు చాలావరకు గ్రానైటు వయసుకు దగ్గరగా, కొన్ని అంతకంటే పాతవిగా తేలాయి. ఇవి ఆ రాయి వయసులు కావు, అది ఏ కొండల నుంచి కొట్టుకొచ్చిన ఇసుకతో తయారైందో ఆ కొండల వయసులు. ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో 440 కోట్ల సంవత్సరాల జిర్కాన్ దొరికింది, కానీ అది ఉన్న రాయి సుమారు 300 కోట్ల సంవత్సరాలదే. ఇసుక పేరుకున్నప్పుడు అందులో కొత్తగా ఏ జిర్కానూ పుట్టలేదు కనుక ఆ క్షణాన్ని నమోదు చేసిన లెక్క రాయిలో ఎక్కడా లేదు. అన్నిటికంటే చిన్న వయసు గింజ కంటే రాయి తర్వాతదని మాత్రమే చెప్పగలం. అక్కడి నుంచి మిగిలినది మళ్లీ కింగ్ నాటి తర్కమే. గ్రానైటును కోసి, హద్దు దగ్గర తెగిపోయిన డైకులు అనంతపురం వైపున్న పెనుకొండ డైకు సమూహానివే అయితే, దాని వయసు బాడెలియైట్ అనే ఖనిజం ద్వారా 236.6 కోట్ల సంవత్సరాలని తేలింది కనుక, ఇసుక అంతకంటే తర్వాతది. ఇసుక ఎప్పటికంటే ముందుదో తెలియాలంటే క్వార్ట్‌జైటును కోసిన అగ్నిశిల ఉండాలి. కడప శిలల్లో పులివెందుల దగ్గర అలా పొరల మధ్య పలకలా దూరిన అగ్నిశిలకు, అంటే సిల్లుకు, 188.5 కోట్ల సంవత్సరాల వయసు వచ్చింది. మన క్వార్ట్‌జైటు ఆ వరుసలో సిల్లు దూరిన పొరల కంటే ముందుదైతే గ్రానైటుకూ ఇసుకకూ మధ్య విరామం 16 కోట్లకూ 65 కోట్లకూ మధ్య ఉంటుంది. తర్వాతదైతే ఇంకా పెరుగుతుంది. ఈ హద్దు గురించిన రాతల్లో ఒకచోట 50 కోట్లు, మరోచోట 80 కోట్లు కనిపించడానికి కారణం ఇదే. ఆ అంకెల్లో ఏదీ హద్దు దగ్గర కొలిచినది కాదు, పైరాయిని ఎవరు ఏ పొరతో జతపరిచారన్న దాన్ని బట్టి వచ్చినవి. ప్రపంచంలోనే పాత కొండలు, 250 కోట్ల ఏళ్ల కొండలు అని తరచూ వినిపించే మాటల్లో కింది గ్రానైటు వయసును తీసుకెళ్లి పైనున్న క్వార్ట్‌జైటుకు అంటగట్టడం నాకు ఇప్పటికీ చికాకు కలిగిస్తుంది.

ప్రాజెక్టు నడుస్తుండగా చిత్తూరులో మా మామ ఒక మంచి ప్రశ్న వేశాడు. "భూమికి 454 కోట్ల ఏండ్లని పుస్తకాల్లో రాస్తారే, ఆ వయసున్న రాయి యాడ దొరికిందిరా?" అన్నాడు. "యాడా దొరకలేదు మామా" అన్నాను. కెనడాలోని అకాస్టా నైస్ అనే రాయి సుమారు 403 కోట్ల సంవత్సరాలది, అంతకు ముందటి రాయి దాదాపు అంతా కరిగో, విరిగో, లోపలికి పోయో రూపు మారింది. అందుకని అమెరికా భూరసాయన శాస్త్రవేత్త క్లెయిర్ ప్యాటర్సన్ ఉల్కలను పట్టుకున్నాడు. సౌరమండలమంతా ఒకే కాలంలో రూపుదిద్దుకుంది కనుక, అరిజోనాలో పడిన కాన్యన్ డయాబ్లో ఉల్కలోని యురేనియం లేని ఖనిజం మొదట్లో ఉన్న సీసాన్ని మార్పు లేకుండా దాచి ఉంచుతుంది. దానిని ఇతర ఉల్కల సీసంతోనూ, సముద్రపు అడుగు మట్టిలోని సీసంతోనూ పోల్చి 1956లో ఆయన 455 కోట్ల సంవత్సరాలని ప్రకటించాడు, అటూ ఇటూ 7 కోట్ల తేడాతో. ఆ కొలత కోసం ఆయన మొదట ప్రయోగశాల గాలిలోని సీసంతోనే పోరాడవలసి వచ్చింది, చివరకు ఆ సీసం ఎక్కువగా పెట్రోలు నుంచి వస్తోందని తేల్చి దానిపై పోరాడినవాడూ ఆయనే. మామ అంతా విని, "అయితే మనింటి రాయితో మన ఇంటి వయసు చెప్పలేమన్నమాట" అన్నాడు. దానికి నేను చేర్చగలిగిందేమీ లేదు.

వైవాలో వచ్చిన ప్రశ్న మరోటి: కొండ ఈ ఆకారంలోకి ఎప్పుడొచ్చింది? దీనికి యురేనియం, సీసం ఏమీ చెప్పలేవు. గ్రానైటు పుట్టుక, ఇసుక పేరుకోవడం, కొండ ఇప్పటి రూపానికి చెక్కుకుపోవడం అనేవి వేర్వేరు కాలాల సంఘటనలు, శిలాతోరణం లాంటిది ఆ చివరి దశలోనిది. అంతరిక్షం నుంచి వచ్చే కిరణాలు నేల పైపొరలోని క్వార్ట్‌జ్‌ను తాకినప్పుడు బెరీలియం-10 పుడుతుంది. దాని అర్ధాయువు సుమారు 13.9 లక్షల సంవత్సరాలు. నది ఇసుకలో అదెంత ఉందో కొలిస్తే ఆ నదీ పరీవాహక ప్రాంతం సగటున ఎంత వేగంగా అరుగుతోందో చెప్పవచ్చు. మా తర్వాతి బ్యాచ్‌లో ఒక అమ్మాయి స్వర్ణముఖి ఇసుకతో ఆ పని మొదలుపెట్టింది. క్వార్ట్‌జ్‌ను హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో పదేపదే శుద్ధి చేసి, బెరీలియాన్ని వేరు చేసి, యాక్సిలరేటర్ మాస్ స్పెక్ట్రోమీటరు ఉన్న చోటికి పంపాలి. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో ఆ వసతి ఉంది. జల్లెడలు ఎలా కడగాలో అడగడానికి ఆమె నా దగ్గరకు వచ్చినప్పుడు, వాటితో పాటు నా క్వార్ట్‌జైటులో మిగిలిన పొడిని కూడా ఇచ్చి పంపాను.